మార్తమ్మ వేసిన వీధి

మదనపల్లె దాటి పుంగనూరు బాట పట్టిన కాసేపటికి రాళ్ళపేట వచ్చేది. పేట అన్నారు కదా అని పెద్దగా ఊహించుకోవద్దు. ఊళ్ళో ఇరుకని బయటికొచ్చి ఇళ్ళు కట్టుకున్న కలిగినవాళ్ళు బాటకు తూర్పున ఉండేవారు. ఊళ్ళో ఎవరూ చోటివ్వక బయటే ఉండిపోయినవాళ్ళు పడమరన ఉండేవారు. పడమర పక్కవాళ్ళలో ఎక్కువమంది మిషన్ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు కాబట్టి దాన్ని మిషన్ లైను అనేవారు. లైను మధ్యలోంచి వచ్చే బాట నేరుగా పెద్దబాటలో కలవాల్సింది. అయితే కొసన మార్తమ్మ ఇల్లు అడ్డంగా ఉండేది. ఆ ఇంటి వెనకగోడ దాకా వచ్చిన బాట ఉత్తరానికి తిరిగి, ఇంటిని చుట్టుకుని పెద్దబాటలో పడేది. ఈ అడ్డం సంగతి మరిచిపోకండి, గొడవంతా దీనితోనే.

మార్తమ్మ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు ఆయా. మొగుడు దేవసహాయం అదే ఆసుపత్రిలో తోటమాలి. లైనులో పెద్దబాటకు మొహం పెట్టి కట్టిన ఇల్లు వాళ్ళదొక్కటే. దేవసహాయం పని దిగి వచ్చాక మట్టి తొక్కి, తన చేతులతో గోడలు లేపి, పైన మిద్దె వేశాడు. ముందర అరుగు, మధ్యలో నడవ, దక్షిణం పక్క వంటిల్లు. అంతే ఇల్లు. కానీ ఆ అరుగు మీద కూర్చుని పెద్దబాట మీద పోయే బండ్లు చూస్తుంటే మార్తమ్మకు తహసీల్దారు భార్యకు కూడా లేనంత దర్జా వచ్చేది. దేవసహాయం తల్లి వరమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. ముసలామెకు చూపు ఆనదు. గోడలు తడుముకుంటూ తిరిగేది.

వాళ్ళ ఇంటికి సరిగ్గా ఎదురుగా, బాటకు అవతల, దొరస్వామి ఇల్లు కట్టాడు. పుంగనూరు నుంచి వచ్చిన చింతపండు వ్యాపారి. యుద్ధం రోజుల్లో అందరూ కిరసనాయిలుకు కాళ్ళరిగేలా తిరుగుతుంటే ఆయన బొగ్గుతో నడిచే లారీ కుప్పం దాకా వెళ్ళి వచ్చేది. మనిషి చెడ్డవాడని పేటలో ఎవరూ అనేవారు కాదు. మీదికి వచ్చేదాకా ఎవరి మంచితనమైనా అంతే కదా.

నలభై మూడులో, ముసురు పట్టిన రోజుల్లో, దేవసహాయం జ్వరంతో పోయాడు. సమాధుల తోట పెద్దబాట మీద దక్షిణంగా ఉంది. దొరస్వామి వాకిలి ముందునుంచే పోవాలి. పెట్టె మోసుకుని లైనువాళ్ళు బాట మీదికి వచ్చేసరికి ఆ ఇంట్లో సన్నాయి మోగుతోంది. గృహప్రవేశం. పట్టుపంచె కట్టుకుని దొరస్వామి బాట మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక మండీ కూలీలు.

"ఈ పొద్దే పాలు పొంగించినాం. శవం నా వాకిలి ముందర పోకూడదు. ఎనక వంక ఉండాది కదా, అట్ల పొండి" అన్నాడు.

"వంకలో నీళ్ళు పారతాండాయి సామీ. బాట అందరిది" అంది మార్తమ్మ.

"ఆడమనిషివి, నీతో నాకు మాటలేంది? ఓ సొలొమోనూ, నీకు చెప్తాండాను."

సొలొమోను మిషన్ గుడి పెద్ద. తగాదా అంటే ఆయనకు చలిజ్వరం వచ్చేది. "పోనీలేమ్మా" అని పెట్టెను వెనక్కి తిప్పించాడు. వంకలో మోకాళ్ళ దాకా బురద. మధ్యలో ఒకడి కాలు జారింది. పెట్టె పక్కకు ఒరిగి పడింది. మూత ఊడింది. దేవసహాయం మొహమంతా బురద. మార్తమ్మ నీళ్ళలోనే కూర్చుని ఆ మొహాన్ని కొంగుతో తుడిచింది. ముక్కులో బురద, రెప్పల మీద బురద. ఎంత తుడిచినా పోలేదు. ఆమె తుడిచినంతసేపూ సన్నాయి వినిపిస్తూనే ఉంది.

ఆ రోజు ఒక్కరోజుకే అనుకున్నారు. కాదు. ఆ తర్వాత లైనులో ఎవరు పోయినా దొరస్వామి వాకిట్లోకి వచ్చి నిలబడడం, సొలొమోను పెట్టెను వంక మీదికి తిప్పడం మామూలైపోయింది. ఇంకో రెండు చావులయ్యేసరికి ఎవరూ నిలబడాల్సిన పని కూడా లేకుండా పోయింది. వీళ్ళే తిరిగిపోయేవారు.

మార్తమ్మ మాత్రం తిరగలేదు. రోజూ పనికి పోయేముందు అరుగు మీద కూర్చుని ఎదురింటి గడపను చూసేది. గుడిలో ప్రార్థన చెప్పేటప్పుడు, మనకు కీడు చేసినవాళ్ళను క్షమించే మాట దగ్గరికి రాగానే నోరు మూసుకునేది. అది దాటాక మళ్ళీ కలిసేది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ వాకిలి ముందునుంచి, దొరస్వామి చూస్తుండగా, తమవాళ్ళ పెట్టె ఒక్కటైనా పోవాలి. అది చూడకుండా చావకూడదని మనసులో పెట్టుకుంది.

ఎలాగో తెలియక రగులుతున్న రోజుల్లో కురబలకోట నుంచి సిద్దప్ప వచ్చాడు. సిద్దప్ప గోడలు కట్టే మేస్త్రీ. మార్తమ్మ ఇంటి వెనకగోడ వానకు కారి పగిలితే పూత వెయ్యడానికి పిలిపించింది. ఆకూవక్కా నముల్తూ, పని చేస్తూ, ఊరి సంగతులు చెబుతూ ఉన్నాడు.

"దొరస్వామి ఇల్లు కట్టింది నేనే మార్తమ్మా. గడప యాడ పెట్టాలని కుప్పం సిద్ధాంతిని పిలిపించి పొద్దుగూకేదాకా కొలిపించినాడు. నీ ఇల్లు ఈడ అడ్డం ఉండాది కాబట్టి సరిపోయింది."

"నా ఇల్లు అడ్డముంటే ఆయప్పకేమి?"

"లేకుంటే మీ లైను బాట నేరుగా పోయి ఆయన గడపకు తగులుతాది కదా. దాన్నే వీధిపోటంటారు. వీధి వచ్చి పొడిచిన ఇల్లు నిలవదమ్మా. రోగాలు, నష్టాలు, చావులు. ఆ భయం దొరస్వామికి శానా ఉండాది."

మార్తమ్మ చేతిలో ఉన్న నీళ్ళ బిందె కింద పెట్టింది. "అంటే ఇన్నాళ్ళూ నా ఇల్లు ఆయప్ప ఇంటికి కాపలా కాస్తా ఉండాదా?"

"అంతే కదా" అన్నాడు సిద్దప్ప, ఉమ్మేసి.

ఆ పూట మార్తమ్మ ఆ గోడలనే చూస్తూ కూర్చుంది. తన మొగుడు కట్టిన గోడలు, తన మొగుణ్ణి బురదలో పడేసినవాణ్ణి కాపాడుతున్నాయి! వీధిపోటును ఆమె నమ్మేది కాదు. నమ్మాల్సిన పని కూడా లేదు. దొరస్వామి నమ్మితే చాలు.

మర్నాడే అత్తతో చెప్పింది. నడవ, అరుగు పడగొట్టేస్తాను, ఆ జాగా బాటకు ఇచ్చేస్తాను, మనకు వంటిల్లు చాలు అని.

వరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "మతి పోయిందా మార్తా? ఈ గోడ నా బిడ్డ కట్టినాడు. నాకు వాని మొగం కనపడదు. ఈ గోడ తడిమితే వాని చెయ్యి తగిలినట్టుంటాది. దీన్ని కూలదోస్తావా?"

"వాని మొగాన బురద తుడిచింది నేను అత్తా. నువ్వు సూడలేదు. సూసుంటే ఇట్ల మాట్లాడవు."

"సూపు లేనిదాన్ని అంటాండావు. అను. పగ నీది, ఇల్లు నా బిడ్డది. ఆ రెండూ ఒకటి సెయ్యొద్దు."

మార్తమ్మ వినలేదు. ఇది మంచిపని అని నేను చెప్పను. కానీ ఆ వంకలో కూర్చుని ఆ మొహం తుడవనివాళ్ళు ఆమెను తప్పుపట్టడం నాకు నచ్చదు.

సొలొమోనుకు ఆమె అసలు సంగతి చెప్పలేదు. లైనువాళ్ళు తేలిగ్గా ఆసుపత్రికి పోయేందుకు బాట ఇస్తానంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆదివారం గుడిలో అందరిముందూ ఆమెను లేపి నిలబెట్టి, సొంత ఇల్లు విడిచి పదిమందికి దారి ఇచ్చిన ఇల్లాలు అని పొగిడాడు. మార్తమ్మ తలవంచుకుని వింది. మనసులో దొరస్వామి గడప కనబడుతోంది.

లైనులోని మగవాళ్ళు గడ్డపారలతో వచ్చారు. దూలాలు దించేదాకా వరమ్మ నడవలోంచి కదల్లేదు. చివరికి మార్తమ్మే ఆమెను చంటిపిల్లలా ఎత్తుకుని వంటింట్లో దించింది. ముసలామె ఏడవలేదు. గోడ పడిన ప్రతిసారీ "అది యే పక్కది?" అని మాత్రం అడిగింది.

మట్టి ఎత్తేశాక చూస్తే, బాట లైను మధ్యలోంచి గీత గీసినట్టు వచ్చి దొరస్వామి గడపకు తగిలింది.

అప్పుడు వచ్చాడు దొరస్వామి. మార్తమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని మరీ వచ్చాడు. వెంట భార్య రాజేశ్వరమ్మ.

"ఏంది మార్తమ్మా ఇది? ఇంటికి ఇబ్బందిగా ఉంటే నాతో చెప్పగూడదా? రాతిగోడలతో నేనే కట్టిస్తాను. మళ్ళీ ఆడనే కట్టుకో."

"ఇబ్బందేమీ లేదప్పా. వంకలో నడిచి నడిచి కాళ్ళు నొస్తాండాయి, నేరుగా బాట ఉంటే మేలు కదా అని."

సామీ అనే పిలుపు పోయి అప్పా రావడం ఆయన గమనించాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు ఇది ఎక్కడి దెబ్బో.

రాజేశ్వరమ్మ మెల్లగా అంది, "కోడలికి నీళ్ళాడే నెలలమ్మా. కోపం మా మీద ఉంటే ఉండనీ, ఆ బిడ్డ ఏం చేసింది?"

"నా పెనిమిటి ఏం చేసినాడమ్మా?" అంది మార్తమ్మ. ఆ మాటకు వాళ్ళిద్దరూ తిరిగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మార్తమ్మకు పండగే పండగ. దొరస్వామికి తుమ్ము వచ్చినా వీధిపోటే. లారీ పలమనేరు దగ్గర చెడి ఆగిపోతే వీధిపోటు. మండీలో చింతపండుకు పురుగు పడితే వీధిపోటు. కోడలికి ఏ ఇబ్బందీ లేకుండా మగపిల్లవాడు పుట్టాడు, ఆ పిల్లవాడికి దగ్గొస్తే మళ్ళీ వీధిపోటే. ఆయన పొద్దున్నే తలుపు తీయాలంటే భయపడి పక్కతలుపులోంచి పోవడం మార్తమ్మ వంటింటి కిటికీలోంచి చూసేది. చూసి అత్తకు వర్ణించి చెప్పేది. వరమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమిలేది.

అయితే మార్తమ్మకు తెలియని సంగతి ఒకటి ఉంది. వీధిపోటు పెట్టేవాళ్ళు దానికి మందు కూడా పెట్టుకునే ఉంటారు. కుప్పం నుంచి సిద్ధాంతి మళ్ళీ వచ్చాడు. వీధి వచ్చి తగిలేచోట వినాయకుణ్ణి నిలబెడితే పోటు ఆయనే పట్టుకుంటాడని చెప్పాడు. పది రోజులు తిరక్కుండానే దొరస్వామి ప్రహరీగోడలో, గేటు పక్కన, లైనుకు ఎదురుగా గూడు కట్టించి నల్లరాతి వినాయకుణ్ణి పెట్టించాడు. పేటలో పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా గుగ్గిళ్ళు పంచారు. లైను పిల్లలు కూడా దోసిళ్ళు పట్టారు.

దెబ్బ తిరగబడింది. తూర్పు పక్కవాళ్ళకు ఆ గూడు గుడి అయింది. మంగళవారం దీపాలు, చవితికి పూజలు. చూస్తూ చూస్తూ ఆ వీధిని వినాయకుడి వీధి అనడం మొదలుపెట్టారు. ఇంటిని పోగొట్టుకున్నది మార్తమ్మ, పేరు వినాయకుడికి. అది కూడా ఆమె ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేనిది వేరే ఉంది. ఇదివరకు శవం ముందరి దారిలో పోకూడదన్నది ఒక్క దొరస్వామి. ఇప్పుడు అందరూ అన్నారు. దేవుడి ముందర శవమా అని మంచివాళ్ళు కూడా అన్నారు. సొలొమోను కూడా, "వాళ్ళ దేవుని ముందర మనం యాల పోవాల? తప్పు కదమ్మా" అన్నాడు. ఒక మనిషి పెట్టిన ఆంక్షను తన ఇల్లు కూలదోసి తనే దేవుడి ఆంక్ష చేసింది మార్తమ్మ.

ఆ రోజుల్లో ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. వార్డులో పక్కలు దులిపేటప్పుడు కూడా దుప్పటిని గట్టిగా బాదేది. రోగులు భయపడేవారు. ఇంట్లో ఆ ఒక్క గదిలో అత్త కాళ్ళు ముడుచుకుని పడుకుంటే, తను గుమ్మంలో పడుకునేది. వాన వస్తే ఇద్దరూ కూర్చునే ఉండేవారు. అప్పుడు కూడా వరమ్మ, నేను చెప్పలేదా అని ఒక్కసారీ అనలేదు. అని ఉంటే మార్తమ్మకు కొంచెం తేలికయ్యేది.

నలభై ఎనిమిదిలో దొరస్వామి తల్లి రామలక్ష్మమ్మ పోయింది. మార్తమ్మ ఆ రోజు పనికి పోలేదు. గుమ్మంలో నిలబడి చూసింది. ఆ శవం ఎక్కణ్ణించి పోతుందో చూడాలి. వాళ్ళూ వంకలో దిగి పోతారా, వెనకగోడ పగలగొట్టుకుని పోతారా?

ఏమీ లేదు. ఇద్దరు మనుషులు ఒక పంచెను చెరో కొసా పట్టుకుని గూటికి అడ్డంగా నిలబడ్డారు. పాడె గేటులోంచి బయటికి వచ్చి, గూటి ముందునుంచే దక్షిణంగా వెళ్ళిపోయింది. పాడె దాటాక పంచె దించారు.

మార్తమ్మ ఒళ్ళు మండిపోయింది. తెర! ఒక్క తెర చాలు. వాళ్ళ శవానికి గజం గుడ్డ, తమ శవానికి మోకాలి లోతు బురద. ఇన్నేళ్ళూ ఎవడూ ఈ మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వాళ్ళకు ఏముంది గనక!

ఆ చలికాలంలోనే వరమ్మ పోయింది. జబ్బంటూ ఏమీ లేదు. తెల్లవారి మార్తమ్మ కాఫీనీళ్ళు ఇవ్వబోతే చెయ్యి చల్లగా తగిలింది. గోడ పక్కకు తిరిగి, చెయ్యి గోడకు ఆనించి పడుకుని ఉంది. మార్తమ్మ ఆ చేతిని తీసి గుండెల మీద పెట్టింది. చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే లేచి ఆసుపత్రికి వెళ్ళి ఉతికిన దుప్పటి ఒకటి అడిగి తెచ్చుకుంది.

పెట్టె ఎత్తాక సొలొమోను వంక పక్కకు తిరగబోయాడు. మార్తమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నేరుగా పోవాల. బాట నేనిచ్చింది."

"దేవుడుండాడమ్మా ఆడ..."

"తెర కడతాను. పొండి."

పెట్టె వినాయకుడి వీధిలో నేరుగా కదిలింది. తూర్పు పక్కవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. దొరస్వామి గేటు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. ఈ ఐదేళ్ళలో ఆయన జుట్టు నెరిసింది. గొంతు మాత్రం నెరవలేదు.

"ఆగండి. దేవుడి ముందర నుంచి శవమా?"

"మీ అమ్మ పోలేదా అప్పా?" అంది మార్తమ్మ. "పంచె పట్టినారు కదా. నేను దుప్పటి పడతాండాను. నా దుప్పటి మీ పంచె కంటే వెడల్పే. సూడు, ఉతికింది కూడా."

దొరస్వామి చుట్టూ చూశాడు. ఎవరైనా తన తరఫున మాట్లాడతారని. పక్కింటి బయ్యమ్మ, పూజలకు ముందుండే ముసలామె, గోడమీదినుంచి అంది, "ఆయమ్మ చెప్పేది న్యాయమే కదప్పా. తెర వేస్తే దోషం లేదని మీ అమ్మ పోయినప్పుడు నువ్వే చెప్తివి."

దొరస్వామి గేటు పక్కకు జరిగాడు.

మార్తమ్మ గూటి దగ్గరికి వెళ్ళి దుప్పటి ఒక కొసను గోడ అంచుకు ఎత్తిపట్టింది. రెండో కొస కింద వేలాడింది. మోసేవాళ్ళందరి భుజాల మీదా పెట్టె ఉంది. సొలొమోనూ, లైను ఆడవాళ్ళూ దొరస్వామి గోడ దగ్గరికి రావడానికి జంకారు. వినాయకుడు సగం కనబడుతున్నాడు.

"ఒక్కదాన్ని యెట్ల పట్టేది?" అంది మార్తమ్మ, దొరస్వామి మొహంలోకి చూస్తూ. "నీ దేవుడే కదా. ఆ కొస నువ్వు పట్టుకో."

పెట్టె గేటు ముందుకు వచ్చేసింది. ఆయన కళ్ళు గూటి మీదికి పోయాయి, పెట్టె మీదికి పోయాయి. గబగబా వచ్చి కింద వేలాడే కొసను అందుకుని రెండు చేతులతో పైకి ఎత్తాడు.

"మెల్లగా పొండి నాయనా" అంది మార్తమ్మ మోసేవాళ్ళతో. "ముసలామె, కుదుపులు తగలగూడదు. ఇంకా మెల్లగా."

దొరస్వామి చేతులు పైనే ఉన్నాయి. దించడానికి లేదు. నుదుటి మీద చెమట విభూతిలోంచి కారి ముక్కు మీదికి వచ్చింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఒకసారి ఆమె వైపు చూసి కళ్ళు దించేశాడు. మార్తమ్మ దించలేదు. ఆ చెమట, ఆ ఎత్తిన చేతులు, ఆ వంగిన మెడ, అన్నీ చూసింది. వంకలో కూర్చున్న రోజు నుంచి ఆకలితో ఉన్న మనిషి కడుపారా తిన్నట్టు చూసింది. ఇంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. ఎంతసేపు చూసిందో తెలియదు.

"అమ్మా" అన్నాడు సొలొమోను పక్కన నిలబడి. "ఇంక దించు. అందరూ మలుపు దాటినారు. మట్టి వెయ్యాల్సింది నువ్వు కదా."

మార్తమ్మ తల తిప్పి చూసింది. బాట ఖాళీగా ఉంది. పెట్టె తన ముందునుంచే పోయింది, చేయి చాపితే అందేంత దగ్గరగా పోయింది. ఆమె చూడలేదు. ఇల్లు పోయాక తనను ఒక్క మాట కూడా అనకుండా ఆ వంటింటి మూలలో ముడుచుకుని పడుకున్న ముసలామెను, ఆ నాలుగడుగుల దారిలో ఒక్కసారి కూడా చూడలేదు. కళ్ళు మొత్తం దొరస్వామి మొహానికే ఇచ్చేసింది.

దుప్పటి ఆయన చేతుల్లోనే వదిలేసి, "అత్తా, అత్తా" అంటూ మలుపు దాకా పరుగెత్తింది.